తొమ్మిదో ప్రశ్నకు వచ్చిన జవాబును ఎవరు చదువుతున్నారు? పిల్లల వెల్‌నెస్ కార్యక్రమంపై ఫిర్యాదు లేఖ

కార్యక్రమ నిర్వహణ, చికిత్సా విభాగాల బాధ్యులకు,

విషయం: టీనేజ్ పిల్లలకు, వారి కుటుంబాలకు మీరు నడుపుతున్న కోచింగ్, థెరపీ కార్యక్రమంలో వెంటనే సరిదిద్దవలసిన లోపాలు.

అయ్యా, అమ్మా,

పిల్లల మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే సైకాలజిస్టులం, కౌన్సెలర్లం, కోచ్‌లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మీ కార్యక్రమంలో చేరిన కొన్ని కుటుంబాలు తమ దగ్గరున్న కాగితాలన్నీ మాకు చూపించాయి: చేరేటప్పుడు నింపిన ప్రశ్నావళి, దాని మీద వచ్చిన రంగు కార్డు, తల్లిదండ్రులకు వారం వారం వచ్చే నివేదిక, కోచ్‌లు పంపిన సందేశాలు. మీ కోచ్‌ల చేతిపుస్తకం కూడా మొదటి నుంచి చివరిదాకా చదివాం. మా ఫిర్యాదు సారం ఇది: బిడ్డ కోచ్ దగ్గర ఉండాలా, థెరపిస్టు దగ్గరికి వెళ్లాలా అన్న నిర్ణయం మీ దగ్గర ఏ మనిషీ తీసుకోవడం లేదు. ఒక కూడిక తీసుకుంటోంది. మిగతా తప్పులు చాలావరకు అక్కడి నుంచే పుడుతున్నాయి.

మీరు వాడుతున్నది కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. మీ యాప్ మొత్తం 0 నుంచి 4 దాకా ఉంటే పచ్చ కార్డు, 5 నుంచి 9 అయితే పసుపు కార్డు ఇస్తోంది. ఈ రెండు రంగుల వాళ్లూ నేరుగా కోచ్‌కే వెళ్తున్నారు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే థెరపిస్టు. స్కోరు హద్దులు సరైనవే. అయితే ఆ తొమ్మిదో ప్రశ్న మిగతా ఎనిమిదింటి లాంటిది కాదు. చచ్చిపోతే బాగుండునని గానీ, తనను తాను గాయపరచుకోవాలని గానీ అనిపించిందా అని అడిగేది అదే. ఆ ప్రశ్నకు 3, నిద్ర ప్రశ్నకు 1 పెట్టి మిగతావన్నీ సున్నాగా వదిలేసిన బిడ్డకు మొత్తం 4 వస్తుంది. దాదాపు ప్రతిరోజూ చావు గురించి ఆలోచిస్తున్నానని రాసిచ్చిన బిడ్డకు మీ యాప్ పచ్చ కార్డు ఇచ్చి, ‘మంచి అలవాట్లు మొదలుపెడదాం’ అని పలకరిస్తోంది. తన మాట ఎవరూ చదవలేదని ఆ బిడ్డకు అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు. మళ్లీ అడిగినప్పుడు నిజం చెప్పకపోవచ్చు.

తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, అదే రోజు శిక్షణ ఉన్న మనిషి ఆ బిడ్డతో విడిగా మాట్లాడాలి. మాట్లాడేవాళ్లు డొంకతిరుగుడు లేకుండా అడగాలి: నిద్రపోయి ఇక లేవకపోతే బాగుండునని అనిపిస్తోందా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా, ఎలా అన్నది కూడా ఆలోచించావా, చేయాలన్న ఉద్దేశం ఉందా, ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా. ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయడానికి వాడే కొలంబియా స్కేలు వరుస ఇంచుమించు ఇదే. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం మీ చేతిపుస్తకంలో కనిపిస్తోంది. ‘సున్నితమైన అంశాన్ని ఎత్తవద్దు’ అని కోచ్‌లకు రాశారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే చాలామంది పిల్లలకు గుండె మీద బరువు దిగినట్టవుతుంది. ఆ వాక్యాన్ని తీసేయండి.

మీరు పెట్టిన ప్రశ్నావళి పెద్దవాళ్లది. 11 నుంచి 17 ఏళ్ల వాళ్ల కోసం మార్చిన రూపం ఉంది. అందులో దిగులుతో పాటు చిరాకును కూడా అడుగుతారు, ఎందుకంటే ఈ వయసులో కుంగుబాటు చాలాసార్లు ఏడుపుగా కాకుండా విసుగుగా, ఎదురు తిరగడంగా బయటపడుతుంది. గడిచిన నెలలో తీవ్రమైన ఆత్మహత్య ఆలోచన వచ్చిందా, జీవితంలో ఎప్పుడైనా ప్రయత్నం జరిగిందా అన్న ప్రశ్నలు కూడా అందులో విడిగా ఉన్నాయి. ఇంకో చిన్న సంగతి, చూడడానికే చిన్నది: మీ ప్రశ్నావళి లింకు తల్లిదండ్రుల ఫోనుకే వెళ్తోంది. అమ్మ పక్కన కూర్చుని చూస్తుండగా తొమ్మిదో ప్రశ్నకు ఏ బిడ్డ నిజం పెడుతుంది?

ఇక ప్రమాదం బయటపడ్డాక మీరు చేస్తున్నది. ‘వచ్చే సెషన్ దాకా నన్ను నేను గాయపరచుకోను’ అని బిడ్డ చేత యాప్‌లో ఒప్పుకోలు టిక్కు పెట్టిస్తున్నారు. ఇలాంటి ఒప్పందాలు ప్రాణం కాపాడతాయనడానికి ఆధారం లేదు. పైగా మాట తప్పానన్న సిగ్గుతో, అవసరమైన రోజునే బిడ్డ మౌనంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. దాని స్థానంలో పెట్టవలసింది సైకాలజిస్టులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళిక. అందులో ఆరు మెట్లు. ప్రమాదం దగ్గరపడుతోందని చెప్పే సొంత గుర్తులు మొదటిది. ఎవరి సాయమూ లేకుండా తాను చేయగలిగినవి రెండోది. మనసు మళ్లించే మనుషులు, చోట్లు మూడోది. ‘నాకు బాగోలేదు’ అని నోరు విప్పి చెప్పగలిగిన వాళ్లు నాలుగోది. నిపుణులు, అత్యవసర సేవల నంబర్లు ఐదోది. ఇంటిని సురక్షితంగా మార్చడం ఆరోది. ఈ ఆరూ బిడ్డ సొంత మాటల్లో ఉండాలి. ‘నడకకు వెళ్తాను’ అని కోచ్ నింపేస్తే పనికిరాదు. రాత్రి పదకొండింటికి ఆ బిడ్డ నిజంగా ఏం చేయగలదో అదే రాయాలి. ఆరో మెట్టు మాత్రం పెద్దవాళ్ల పని: ఇంట్లో ఉన్న మందులు, హాని చేయగల ఇతర వస్తువులు బయటికి పంపడమో, తాళం వేసి తాళంచెవి తమ దగ్గర ఉంచుకోవడమో. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రమైన తపన చాలామందిలో కొద్దిసేపట్లో తగ్గుతుంది, ఆ కాస్త సేపు చేతికి ఏదీ అందకుండా చూడడమే ఇక్కడి కిటుకు. మీ తల్లిదండ్రుల కరపత్రంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. ధ్యానం గురించి రెండు పేజీలు ఉంది.

చాట్ పెట్టె పక్కన ‘24 గంటల్లో జవాబు’ అని ఉంది. హోంవర్కు సందేహానికైతే సరిపోతుంది. ఆపదలో ఉన్న బిడ్డ అదే పెట్టెలో రాస్తుంది, ఎందుకంటే తన చేతిలో ఉన్నది అదొక్కటే. ఇక్కడ రాసినవి వెంటనే ఎవరూ చూడరని, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ పెట్టె మీదే పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ కనబడేలా ఉంచండి.

ఇప్పుడు తల్లిదండ్రుల నివేదిక గురించి. మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. అందులో బిడ్డ మానసిక స్థితి గ్రాఫు, చాట్‌లో తరచూ వచ్చిన పదాలు, సెషన్ సారాంశం ఉన్నాయి. తల్లిదండ్రులకు తెలియాలనుకోవడం తప్పు కాదు, వాళ్ల ఆరాటం మాకు తెలుసు. కానీ తాను చెప్పిన ప్రతి మాటా శుక్రవారానికల్లా ఇంటికి చేరుతుందని తెలిసిన బిడ్డ రెండో వారం నుంచి ‘బానే ఉన్నాను’ తప్ప ఇంకేమీ చెప్పదు. అప్పుడు నివేదికా ఖాళీ, సెషనూ ఖాళీ. ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి: బిడ్డకు హాని చేస్తున్నది ఇంట్లోని మనిషే అయితే, మీ నివేదిక నేరుగా ఆ మనిషి చేతికే వెళ్తోంది. తల్లిదండ్రులు విడిపోయి గొడవపడుతున్న కుటుంబాల్లో ఆ కాగితం ఒకరి మీద ఒకరు వాడుకునే ఆయుధమవుతుంది. ఇవి అరుదుగా వచ్చే చిక్కులు కావు, ఈ పనిలో ఉన్నవాళ్లు మొదటే లెక్కలోకి తీసుకోవలసినవి.

దీన్ని నడిపే పద్ధతి ఏళ్లుగా ఉన్నదే. మొదటి సెషన్‌లో ముందు అందరినీ కూర్చోబెట్టి గోప్యత హద్దులు చెప్పాలి: నువ్వు చెప్పేది మన మధ్యే ఉంటుంది, నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నా, ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, నిన్ను ఎవరైనా హింసిస్తున్నా మాత్రం దాచలేను. తర్వాత బిడ్డతో ఒంటరిగా, చివర్లో మళ్లీ అందరితో. బయటికి చెప్పవలసి వచ్చినప్పుడు ముందు బిడ్డకే చెప్పాలి. ఏ మాటల్లో చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది వీలైనంతవరకు బిడ్డతో కలిసి తేల్చుకోవాలి. తల్లిదండ్రులకు వెళ్లే నివేదికలో హాజరు, ఏ లక్ష్యం మీద పని జరుగుతోంది, ఈ వారం ఇంట్లో వాళ్లు చేయవలసింది ఏమిటి అన్న మూడూ ఉంటే చాలు. ఆ మూడోది మీ నివేదికలో లేనే లేదు!

తిండి, బరువు ట్రాకరును ఆపేయండి. మార్చవద్దు, ఈ వయసు వాళ్లకు పూర్తిగా ఆపేయండి. రోజూ బరువు యాప్‌లో నమోదు చేసినందుకు పాయింట్లు, ‘తీపి లేని రోజులు’ వరుసగా ఎన్నో లెక్క, స్నేహితులతో పోలిక. తిండి రుగ్మత మొదలవుతున్న బిడ్డకు ఇది రుగ్మతకు బహుమతి ఇచ్చినట్టే. లేచి నిలబడితే కళ్లు తిరగడం, చలి తట్టుకోలేకపోవడం, నెలసరి ఆగిపోవడం, తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లడం, కొద్ది కాలంలోనే బరువు బాగా తగ్గిపోవడం వంటివి కనిపిస్తే కోచింగ్ అక్కడితో ఆగి వైద్య పరీక్ష జరగాలి. బరువు మామూలుగా ఉన్నా జబ్బు తీవ్రంగా ఉండవచ్చు, అందుకే ‘బరువు సరిపోయింది’ అన్న మీ ఆకుపచ్చ గుర్తు నమ్మదగినది కాదు. చాలాకాలం తిండి మానేసిన వాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు, కాబట్టి తిరిగి తినిపించడం కూడా వైద్యుల కనుసన్నల్లోనే జరగాలి. అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే రుగ్మత) ఉన్న టీనేజ్ పిల్లలకు బలమైన ఆధారం ఉన్న కుటుంబ ఆధారిత చికిత్స మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో భోజనం బాధ్యత పూర్తిగా తల్లిదండ్రులది. కోలుకునే కొద్దీ మెల్లగా బిడ్డకు తిరిగి అప్పగిస్తారు. మీ చేతిపుస్తకం ‘తిండి విషయంలో బిడ్డకే స్వేచ్ఛ ఇవ్వండి’ అని మొదటి రోజే చెబుతోంది. మామూలు ఇంట్లో అది మంచి సలహా. ఈ జబ్బులో అది జబ్బుకు స్వేచ్ఛ ఇవ్వడం.

బడికి వెళ్లనని మొండికేసే పిల్లల విషయంలోనూ ఇలాంటి పొరపాటే. ‘ఒత్తిడి చేయకండి, సిద్ధమయ్యేదాకా ఇంట్లో ఉండనివ్వండి’ అని మీ కోచ్‌లు రాస్తున్నారు. ఆందోళన ఉన్న బిడ్డ తప్పించుకున్న ప్రతిసారీ క్షణంలో హాయిగా ఉంటుంది. ఆ హాయే భయాన్ని పెంచి పోషిస్తుంది. ముందు వేధింపు, చదువులో ఇబ్బంది, ఒంట్లో జబ్బు ఏమైనా ఉన్నాయేమో చూడాలి. లేవని తేలితే మెట్లు మెట్లుగా వెనక్కి తేవాలి: గేటు దాకా, లైబ్రరీలో ఒక గంట, ఇష్టమైన ఒక్క పీరియడు, సగం రోజు. తల్లిదండ్రులు కోప్పడకుండా, వెనక్కి తగ్గకుండా రెండూ ఒకేసారి చేయడం నేర్చుకోవాలి. పిల్లల ఆందోళన తగ్గించడానికి తల్లిదండ్రులతో మాత్రమే పనిచేసే ‘స్పేస్’ అనే చికిత్సా పద్ధతి 2020లో వచ్చిన పరిశోధనలో బిడ్డకు నేరుగా ఇచ్చే ప్రవర్తనా చికిత్సకు తీసిపోలేదు. తల్లిదండ్రుల సెషన్లను మీరు అదనపు సౌకర్యంగా చూస్తున్నారు. చిన్న పిల్లల ఆందోళనలో చాలాసార్లు అసలు చికిత్స అదే.

మందుల గురించి కోచ్‌లు మాట్లాడకూడదు. ‘మందులు తగ్గించుకోవడం’ అన్నది మీ లక్ష్యాల జాబితాలో ఎంచుకునే అంశంగా ఉంది. కుంగుబాటు మందులు హఠాత్తుగా ఆపితే తలతిప్పడం, నిద్రలేమి, చిరాకు రావచ్చు. పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2004లో ఈ మందుల వివరాల పత్రంలో గడి కట్టి ఇచ్చే అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు వాళ్ల దాకా పొడిగించింది. అందుకే మొదటి వారాల్లో, మోతాదు మారిన ప్రతిసారీ దగ్గరగా గమనించాలి. కుదురుగా కూర్చోలేకపోవడం, హఠాత్తుగా నిద్ర పట్టకపోవడం, కొత్తగా ఆవేశం కనిపిస్తే కోచ్ చేయవలసింది ఒకటే: మందు రాసిన వైద్యులకు అదే రోజు కబురు వెళ్లేలా చూడడం.

మేం కోచ్‌లకు వ్యతిరేకులం కాదు, ఈ ఉత్తరం మీద సంతకం పెట్టిన వాళ్లలో కోచ్‌లు ఉన్నారు. మంచి కోచ్ చేసే పని థెరపిస్టుకు తీరిక దొరకని పని. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. దాన్ని సాధించడానికి ముందు లేచే వేళను స్థిరపరచి, పడుకునే వేళను కొన్ని రోజులకోసారి పావుగంట చొప్పున త్వరగా వచ్చేలా జరుపుతూ, మధ్యలో జారిపోయినప్పుడు బిడ్డను నిందించకుండా మళ్లీ మొదలుపెట్టించడం గొప్ప నైపుణ్యం. అలాంటి వాళ్లను ఒంటరిగా ప్రమాదం ముందు నిలబెట్టి, వారానికి ఒక్క గంటయినా థెరపిస్టు పర్యవేక్షణ ఇవ్వకపోవడం వాళ్లకూ అన్యాయమే. పైగా యాప్‌లో కోచ్, థెరపిస్టు ఇద్దరి పేర్ల కిందా ‘వెల్‌నెస్ నిపుణులు’ అనే ఒకే హోదా. కుటుంబానికి తాము ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు.

కాబట్టి తొమ్మిదో ప్రశ్న నియమాన్ని, ట్రాకరు తొలగింపును, చాట్ పెట్టె హెచ్చరికను ఈ ఉత్తరం అందిన 48 గంటల్లో అమలు చేయండి. వీటికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు. నివేదిక మార్పు, హోదాల స్పష్టత, కోచ్‌ల పర్యవేక్షణ, బిడ్డ, కోచ్, థెరపిస్టు ముగ్గురూ కలిసి మాట్లాడే అప్పగింత సెషన్ 30 రోజుల్లో మొదలవ్వాలి. ఇప్పటిదాకా పచ్చ, పసుపు కార్డులు అందుకున్న పిల్లల ప్రశ్నావళులన్నీ వెనక్కి తీసి, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు ఇచ్చిన ప్రతి బిడ్డకూ ఈ వారంలోనే థెరపిస్టు చేత ఫోన్ చేయించండి. ముందు ఈ పని మొదలుపెట్టి, తర్వాత మాకు జవాబు రాయండి. ఆ జవాబు కస్టమర్ సేవా విభాగం నుంచి కాక, చికిత్సా బాధ్యత వహించే వ్యక్తి పేరుతో, సంతకంతో రావాలి. అలాంటి వ్యక్తి మీ సంస్థలో ఇంకా లేకపోతే, ఆ సంగతే రాయండి.

ఇట్లు,
పిల్లలతో, కుటుంబాలతో పనిచేస్తున్న సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, కోచ్‌లు