మంత్రి గారూ, తిండి మానేసిన పిల్లని ఏ వార్డులో చేర్చాలో చెప్పండి

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను మల్కాజిగిరిలో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్న ఒక తల్లిని. ఈ విషయం మీద రాయడం ఇది నాలుగోసారి. ముందు పెట్టిన మూడు అర్జీలకీ రసీదులు ఇచ్చారు, దాచుకున్నాను. మూడోదానికి ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది, “మీ సమస్య పరిష్కరించబడింది” అని. ఆ మెసేజ్ వచ్చిన రోజు మా పాప పొద్దున్నుంచి రాత్రి దాకా మూడు ద్రాక్షపళ్లు తిని పడుకుంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

మా పెద్దమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటర్ సెకండియర్, బైపీసీ. తనకున్న జబ్బు పేరు అనొరెక్సియా నెర్వోసా, లావవుతానన్న భయంతో తిండి మానేసే మనసు జబ్బు. ఆ పేరు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. మన భాషలో నలుగురూ వాడే పేరు దీనికి లేదు, లేదు కాబట్టి ఎవరి నోటికొచ్చింది వాళ్లు అన్నారు. పొగరు అన్నారు, ఫ్యాషన్ అన్నారు, ప్రేమ వ్యవహారమేమో కనుక్కో అన్నారు. మా అత్తమ్మ మూడు ఆదివారాలు ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. ఆమెని తప్పుపట్టను, మనవరాలి కోసం ఆమెకి తెలిసింది ఆమె చేసింది. మాకేం తెలుసని, మేమూ అలాగే ఉన్నాం.

మొదలైంది శనివారం ఒక్కపొద్దుతో. పిల్లకి భక్తి వచ్చిందని మురిసిపోయాం. తర్వాత సోమవారం శివుడికన్నది, గురువారం సాయిబాబాకన్నది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా చుట్టాల్లో ఎవరో ఒకరు “సన్నబడ్డావే, ఎంత బాగున్నావో” అనేవాళ్లు. అదే పిల్లని ఏడాది కింద ఓ పెళ్లిలో “అమ్మో, ఇంత లావైందేంది” అన్నది కూడా వాళ్లే. ఆ మాట పిల్ల మర్చిపోలేదని మాకు డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు గానీ తెలియలేదు.

దసరాకి చుడీదార్ కుడదామని కొలతలు తీశాను. నా కొలతల పుస్తకంలో జూన్‌లో రాసిన నడుము 28. టేపు 23 దగ్గర ఆగింది. చెయ్యి జారిందేమోనని మళ్లీ చుట్టాను. 23. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల ఒళ్లు కొలుస్తున్నదాన్ని, నా కళ్ల ముందున్న పిల్ల ఒళ్లు ఎప్పుడు కరిగిపోయిందో చూసుకోలేకపోయాను. వీపు మీద చంటిపిల్లలకి ఉండేలాంటి నూగు వెంట్రుకలు కనపడ్డాయి. ఒంట్లో కొవ్వు తగ్గిపోతే వెచ్చదనం కోసం శరీరం అలా నూగు పెంచుకుంటుందని తర్వాత చెప్పారు. ఆ ఉక్కపోతలోనూ స్వెటర్ వేసుకుని ఉంది. నాలుగు నెలలుగా నెలసరి రాలేదట, పరీక్షల టెన్షన్ అనుకుని చెప్పలేదట. ఆ సాయంత్రం అల్మారా సర్దుతుంటే పాత నోటుబుక్కుల వెనక పేపర్లలో చుట్టిన చపాతీలు దొరికాయి, రాయిలాగా ఎండిపోయినవి, బూజు పట్టినవి, పదకొండు.

ఇక ఆస్పత్రుల సంగతి. మంత్రి గారూ, అసలు మీకు రాస్తున్నదే దీనికోసం.

ఒక పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. పేరు రాయను, అక్కడివాళ్లనని ఏం లాభం, ఎక్కడికెళ్లినా ఇదే కథ అని తర్వాత తెలిసింది. నాడి నిమిషానికి 44 కొట్టుకుంటోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. జనరల్ మెడిసిన్‌లో చూసి, రిపోర్టులు పెద్దగా తేడా లేవు, ఇది మనసుకి సంబంధించింది, సైకియాట్రీకి వెళ్లండి అన్నారు. సైకియాట్రీ వాళ్లు చూసి, గుండె ఇంత నెమ్మదిగా ఉంటే మేం చేర్చుకోలేం, ముందు ఒళ్లు సరిచేసుకుని రండి అన్నారు. మళ్లీ కిందికి. పిల్లల వార్డులో అడిగితే వయసు దాటిందన్నారు. ఒకే రోజు మూడు ఓపీ చీట్లు, మూడు లైన్లు. మా ఆయన ఆటో మనిషి, ఆ రోజు బండి తీయలేదు. పిల్ల లిఫ్ట్ పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది, మెట్లు ఎక్కుతానంటుంది, ఎందుకంటే మెట్లెక్కితే కేలరీలు కరుగుతాయని. అంత నీరసంలో కూడా. అది పొగరు కాదు సార్. అది జబ్బు.

సాయంత్రానికి ఒక ప్రైవేటు ఆస్పత్రి చేర్చుకుంది. అక్కడ ఇంకో ప్రమాదం తప్పింది. చేర్చగానే ఆయమ్మ దగ్గర్నుంచి పక్క మంచం వాళ్ల దాకా అందరూ “బాగా పెట్టండమ్మా, నెయ్యేసి పెట్టండి” అన్నారు, నేనూ ముద్దలు కలుపుకుని కూర్చున్నాను. అదృష్టం కొద్దీ డ్యూటీలో ఉన్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆపింది. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంటుందట, దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారట, కొలిచి కొలిచి, రోజూ రక్తం చూస్తూ పెంచాలట. ప్రేమతో నేను పెట్టే ముద్దే నా బిడ్డ ప్రాణం తీసేదేమో. ఆ డాక్టరమ్మ ఆ రాత్రి డ్యూటీలో లేకపోతే? మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇదొకటని కూడా ఆమే చెప్పింది.

పన్నెండు రోజులు ఉన్నాం. బిల్లు లక్షా ఎనభై వేలు. మా ఆయనకి ఒక పాలసీ ఉంది, ప్రీమియం ఒక్కసారి కూడా తప్పలేదు. మానసిక జబ్బు కాబట్టి రాదు అని కాగితం పంపారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్‌లో ఒంటి జబ్బులకి ఎలా ఇస్తారో మనసు జబ్బులకీ అలాగే బీమా ఇవ్వాలని ఉంది. ఒక లాయర్ గారు నా కస్టమర్, ఆమె ప్రింటు తీసిచ్చింది. ఆ ప్రింటు పట్టుకుని రెండుసార్లు తిరిగాను. చూసి నా చేతికే తిరిగిచ్చారు. చట్టం వచ్చి ఇన్నేళ్లైతే ఒక టైలరమ్మ వెళ్లి కౌంటర్‌లో కూర్చున్న వాళ్లకి సెక్షన్ చదివి వినిపించాలా?

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు, చాలా మంచి పని, మా బస్తీలో గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మిమ్మల్ని దీవిస్తారు. అందులో ఈ జబ్బుకి చోటుందా? ఉంటే ఏ ఆస్పత్రిలోనో అందరికీ తెలిసేలా బోర్డు పెట్టించండి. లేకపోతే చేర్చండి. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి అంటారు, చేశాను, ఓపికగా మాట్లాడారు, నాకు ధైర్యం వచ్చింది. కానీ నాడి 44కి పడ్డ రోజు ఫోన్ సరిపోదు, మంచం కావాలి.

ఒక విషయం మీకు చెప్పాలి, ఇది తెలిశాకే నాకు మా పాప మీద కోపం పోయింది. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి ఆరు నెలల పాటు సగం తిండే పెట్టి చూశారట. బరువు నాలుగో వంతు తగ్గింది. వాళ్లకి ముందు ఏ మానసిక సమస్యా లేదు. అయినా పగలూ రాత్రీ తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు చదవడం, చిన్న చిన్న ముక్కలు చేసి గంటలు గంటలు తినడం, దిగులు, కోపం, ఎవరితో కలవకపోవడం. మా పాప అచ్చం అంతే. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో బిర్యానీ వీడియోలు చూసేది. ఆదివారం మా అందరికీ గుత్తి వంకాయ చేసి పెట్టి, మేం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది, తను ముట్టేది కాదు. నాటకాలాడుతోందని ఒకసారి చెయ్యి చేసుకున్నాను. ఆకలే మెదడుని అలా చేస్తుందని ఎవరైనా ఒక్కరు ముందే చెప్పి ఉంటే ఆ దెబ్బ కొట్టేదాన్ని కాదు.

ఇప్పుడు ఒక డాక్టర్ మాకే నేర్పిస్తున్నారు. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో మొదలైన పద్ధతట, తల్లిదండ్రుల తప్పు వెతకరు, వాళ్ల చేతికే పళ్లెం ఇస్తారు. ఏం తినాలో కొన్నాళ్లు పిల్ల నిర్ణయించదు, మేం నిర్ణయిస్తాం. రోజుకి మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లు, పక్కనే కూర్చోవాలి. నిన్న ఒక దోశకి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఏడ్చింది, నన్ను తిట్టింది, చట్నీ దూరంగా నెట్టేసింది, ఆఖరి ముక్క దాకా కూర్చున్నాం. షాపు మూసే ఉంచాను. నాకు సొంత షాపు కాబట్టి మూయగలిగాను. ఇళ్లల్లో పనులకి వెళ్లే తల్లి ఏం చేస్తుంది?

మా ఒక్కరి గోడు అనుకోకండి. నా షాపులో ఈ మాట బయటపెట్టాక ఎందరు తల్లులు తలుపు దగ్గరగా వేసి చెప్పారో! ఒకామె కూతురు అన్నం తినగానే బాత్రూంలో నల్లా తిప్పి ఉంచుతుంది, వాంతి శబ్దం వినపడకుండా. వేళ్ల కణుపుల మీద పళ్ల గాట్లు. బరువు మామూలుగానే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అలా వాంతులు చేసుకుంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుందని ఆమెకి తెలియదు, నేను చెబితే అక్కడే కూలబడింది. ఇంకొకామె కొడుకు జిమ్ పిచ్చితో కోడిగుడ్డు తెల్లసొన, పొడులు తప్ప ఏమీ ముట్టడు. మగపిల్లలకి ఇలాంటివి రావని వాళ్లింట్లో నమ్మకం.

పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు ఆర్‌బీఎస్‌కే బృందాలు సర్కారు బడులకి, అంగన్‌వాడీలకి వెళ్తాయి. మరి ఈ ఇంటర్ హాస్టళ్లలో ఉన్న వేల మంది పిల్లల్ని చూసేదెవరు? మెస్‌లో పళ్లెం ముందు కూర్చున్న పిల్ల తింటోందో లేదో ఒక్కరు చూడరు, మార్కులు మాత్రం ప్రతి వారం మా ఫోన్‌కి వస్తాయి. బళ్లలో బరువు చూసేటప్పుడు క్లాసు ముందు పైకి చదవడం ఆపించండి, దయచేసి. మా చిన్నమ్మాయి బడిలో మొన్నే చదివారు. అది ఇంటికొచ్చి రాత్రికి అన్నం వద్దంది, నా గుండె ఆగినంత పనైంది. ఎత్తు, బరువు చూసి సన్నగా ఉన్నవాళ్లనే లెక్కేసుకుంటే కూడా లాభం లేదు. లావుగా ఉన్న పిల్ల నాలుగు నెలల్లో ఇరవై కిలోలు తగ్గితే కాగితం మీద నార్మలే, లోపల మాత్రం అదే జబ్బు, అదే ప్రమాదం.

నేను అడిగేది పెద్దదేం కాదు. హైదరాబాద్‌లో ఒక్క సర్కారు ఆస్పత్రిలో, ఒక్కటంటే ఒక్కదాంట్లో, ఒంటి డాక్టరు, మనసు డాక్టరు, డైటీషియన్ ఒకే గదిలో కూర్చునేలా చేయండి. వారానికి రెండు రోజులైనా సరే. పది మంచాలు ఇవ్వండి, పది కాకపోతే నాలుగివ్వండి. కిందికీ పైకీ తిప్పకుండా ఉంటే చాలు. ఆ బీమా సంగతి చూడండి. హాస్టల్ వార్డెన్లకి ఒక్క పూట క్లాసు చెప్పించండి.

దసరాకి కుట్టాల్సిన చుడీదార్ ఇప్పుడు కుడుతున్నాను. టేపు పెట్టొద్దని డాక్టర్ చెప్పారు, అందాజాగా కత్తిరించాను, రెండు పక్కలా లోపల రెండంగుళాల గుడ్డ వదిలాను.

వచ్చే సోమవారం పొద్దున పదింటికి అర్జీల కౌంటర్ దగ్గర ఉంటాను. నాతో పాటు ఇంకో ఆరుగురు తల్లులు వస్తామన్నారు. పాత మూడు రసీదులూ, ఆ రోజు తిప్పిన మూడు ఓపీ చీట్లూ తెస్తాను. మీరు రాలేకపోతే, సమాధానం చెప్పగలిగే డాక్టర్ని ఒకరిని పంపించండి. పిల్లకి పదకొండింటికి చిరుతిండి పెట్టాలి, అప్పటికి ఇంటికి చేరాలి, కాబట్టి మమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టొద్దని కూడా చెప్పండి.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక తల్లి