ఐదు మార్కుల గడి: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి,

హైదరాబాదులో 21 ఏళ్లుగా బి.ఎడ్. విద్యార్థులకు గణిత బోధనా పద్ధతులు చెబుతున్న ఒక అధ్యాపకురాలు నమస్కరించి వ్రాయునది.

ఇది నా నాలుగో విన్నపం. మొదటిదాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రెండోదాన్ని స్వయంగా తెచ్చి ఇస్తే, తీసుకున్న ఉద్యోగి మర్యాదగా ముద్ర వేసి, సంబంధిత విభాగానికి పంపుతామన్నారు. మూడోదానికి మాత్రం జవాబు వచ్చింది. బదిలీ కోరుతూ నేను పెట్టుకున్న దరఖాస్తు పరిశీలనలో ఉందని అందులో ఉంది. నేను పనిచేసేది ప్రైవేటు కళాశాలలో. బదిలీ అన్నది నాకు కలలోనైనా రాదు. అయినా శాఖవారు నా కోసం ఏదో ఒకటి పరిశీలిస్తున్నారని తెలిసినందుకు సంతోషించి, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

విషయం చిన్నదే. ఛాత్రోపాధ్యాయుల, అంటే శిక్షణలో ఉన్న మా బి.ఎడ్. విద్యార్థుల, పాఠాన్ని మూల్యాంకనం చేయడానికి మాకు వచ్చే పత్రంలో ఉన్ముఖీకరణం (పిల్లల మనసును పాఠం వైపు తిప్పడం), ప్రశ్నించే నైపుణ్యం, నల్లబల్ల పని వగైరాల తర్వాత అట్టడుగున ఒక గడి ఉంటుంది. ‘సృజనాత్మక ఆలోచన – 5 మార్కులు’ అని దాని పేరు. ఆ ఐదు మార్కులు ఎలా పడుతున్నాయో ఒక్కసారి ఎవరైనా వచ్చి చూడాలన్నదే నేను మొదటినుంచీ అడుగుతున్నది.

ఫైనల్ లెసన్ రోజున, అంటే పాఠం చెప్పించి మార్కులు వేసే చివరి పరీక్ష రోజున, ఎక్స్‌టర్నల్ గారు (బయటి నుంచి వచ్చే పరీక్షకులు) ఉదయం నుంచి సాయంత్రం లోపల పాతిక ముప్పై పాఠాలు చూడాలి. ఒక్కొక్కరి దగ్గర ఐదారు నిమిషాలకు మించి కూర్చోవడం ఎవరి తరమూ కాదు, అందులో ఆయన తప్పు లేదు. ఆ కాస్త వ్యవధిలో కంటికి కనిపించేది ఛార్టు, థర్మోకోల్ నమూనా, మెరుపు కాగితం అంచు. అవి ఉంటే ఐదు, లేకపోతే రెండు. ఈ సంగతి పిల్లలకు మొదటి సంవత్సరంలోనే తెలిసిపోతుంది కనుక, కోఠీకి వెళ్లి ఛార్టులు కొనుక్కొస్తారు, రికార్డులు రాయించుకుంటారు, సీనియర్ల దగ్గర నమూనాలు సగం ధరకు తీసుకుంటారు. మా సాంఘిక శాస్త్రం విభాగంలో ఒక అగ్నిపర్వతం ఉంది. నాకు తెలిసి అది నాలుగు బ్యాచ్‌ల చేతులు మారింది. ప్రతి ఏడూ కొత్త రంగు వేయించుకుని, ప్రతి ఏడూ ఐదుకు ఐదు తెచ్చుకుంటోంది. దానికి ఇప్పటివరకు వచ్చిన మార్కులతో ఒక డిగ్రీ ఇవ్వవచ్చు.

ఇక అసలు సంగతి చెబుతాను. కిందటి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో మా విద్యార్థిని ఒకామె మూసీకి దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి చుట్టుకొలత, వైశాల్యం పాఠం చెప్పింది. ఛార్టు తేలేదు. ఒక పురికొస ఉండా, సంచీడు చింతగింజలు తెచ్చింది. జట్టుకు 50 సెంటీమీటర్ల పురికొస ముక్క ఒకటి ఇచ్చి, దీనితో నేల మీద దడి కట్టండి, ఎవరి దడిలో ఎక్కువ గింజలు పడతాయో చూద్దాం అన్నది. సూత్రం చెప్పలేదు, బోర్డు మీద బొమ్మ గీయలేదు. ఒక జట్టు సన్నగా పొడుగ్గా కట్టింది, గింజలు పట్టలేదు. ఇంకొక జట్టు చతురస్రం కట్టింది. అది లెక్కకు 156 చదరపు సెంటీమీటర్లు. మరొకరు గుండ్రంగా పెట్టారు, దాదాపు 199. అంతటితో పాఠం ముగిసినా నేను సంతోషించేదాన్ని. కానీ వెనక కూర్చున్న ఒక పిల్లవాడు తన జట్టు పురికొసను తీసుకెళ్లి గది మూలలో, రెండు గోడలకూ రెండు కొసలు ఆనించి, విల్లులా వంచి పెట్టాడు. తెచ్చిన గింజలన్నీ పోసినా ఆ దడి నిండలేదు. మిగతా జట్లవాళ్లు అది తొండి అని అరిచారు. వాడు తలెత్తి, “గోడ వాడొద్దని మీరు చెప్పలే కద టీచర్” అన్నాడు.

అయ్యా, అదే పురికొసతో గుండ్రని దడికి వచ్చిన చోటుకు మూలలో నాలుగింతలు వస్తుంది. కాగితం మీద వేసి చూడండి, దాదాపు 796. దేన్ని ఇచ్చామో దానితో కాక, ఏది ఇవ్వలేదని మనం అనుకున్నామో దానితో లెక్క చేయడం సృజన కాకపోతే మరేమిటి? ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. తొండి అన్నవాళ్లను కసురుకోకుండా, సరే, గోడ వాడుకోవచ్చనుకుంటే ఇంకెన్ని ఆకారాలు చేయవచ్చో చూపించండి అన్నది. తరగతి మొత్తం మూలలకు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఎక్స్‌టర్నల్ గారు లోపలికి వచ్చారు.

“ఛార్టు ఏదమ్మా?” అని అడిగారు. లేదు సార్, దారం ఉందని ఆమె చెప్పింది. పత్రంలో సృజనాత్మక ఆలోచనకు రెండు మార్కులు పడ్డాయి. రిమార్కుల దగ్గర ‘తరగతి క్రమశిక్షణ లోపించింది, బోధనోపకరణాలు లేవు’ అని ఉంది. పక్క గదిలో అదే పాఠం చెప్పిన అబ్బాయి సూత్రాల ఛార్టు తగిలించి, పిల్లలచేత మూడుసార్లు వల్లె వేయించాడు. ఆ గది నిశ్శబ్దంగా ఉంది, అతనికి ఐదు వచ్చాయి. నేను ఎక్స్‌టర్నల్ గారిని తప్పు పట్టడం లేదు. ఆయన చేతిలో ఉన్న పత్రం ఏం అడిగిందో అదే ఆయన చూశారు. ఆ అమ్మాయి మాత్రం మరుసటి వారం కోఠీ నుంచి ఛార్టుతో వచ్చింది. నేనేమీ అనలేకపోయాను. ఈ లేఖ రాయడానికి ఆ ఛార్టే కారణం.

సృజనను కొలవడం సాధ్యం కాదు కనుక ఏదో ఒక అంకె వేస్తున్నామని శాఖవారు అనుకుంటున్నారేమో తెలియదు. సాధ్యమో కాదో అన్న చర్చ 1950లో మనస్తత్వవేత్త గిల్‌ఫర్డ్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసం చేసిన నాటినుంచీ నడుస్తూనే ఉంది. సృజనను కొలిచే టోరెన్స్ పరీక్షలు 1966లో వచ్చాయి. మన దేశంలోనే బాకర్ మెహదీ పరీక్షలు వచ్చి అయిదు దశాబ్దాలు దాటింది. బడికి చక్రాలుంటే ఏమవుతుంది అన్న ప్రశ్న వాటిలోనిదే. వీటి పేర్లన్నీ మా పిల్లలకు కంఠతా వచ్చు. ‘సృజనాత్మకత అంశాలను వివరించండి’ అని పరీక్షలో అడిగితే ధారాళత, నమ్యత, మౌలికత (ఇతరులకు తోచనిది సొంతంగా తోచడం), విస్తరణ అని నాలుగింటినీ ఒకే గైడు నుంచి, ఒకే వరుసలో, ఒకే ఉదాహరణతో అరవై మందీ రాస్తారు. మౌలికత అంటే ఏమిటో అక్షరం పొల్లుపోకుండా చూచిరాతలా రాసినవారికే పూర్తి మార్కులు పడతాయి. ఇంతకు మించిన హాస్యం నేను కల్పించి రాయలేను.

ఆ పరీక్షలను యథాతథంగా దిగుమతి చేసుకోమనీ నేను అనడం లేదు. పగిలిన సుద్దముక్కతో ఏమేం చేయవచ్చో రాయమంటే మన దగ్గర ముగ్గు వేయవచ్చని దాదాపు అందరూ రాస్తారు. అరుదైన జవాబుకే మౌలికత మార్కులు కనుక ఇక్కడ దానికేమీ రావు. పరాయి దేశపు పట్టికతో దిద్దితే అదే జవాబు అపురూపమైపోవచ్చు. అందుచేత ఎంత అరుదో మన ఛాత్రోపాధ్యాయుల జవాబుల నుంచే తేల్చుకోవాలి. అదీ ఒక్క తెలుగులో సరిపోదు, ఈ నగరంలో ఉర్దూ మాధ్యమంలో శిక్షణ పొందుతున్నవారూ ఉన్నారు. శిక్షణకు ముందూ తర్వాతా ఒకే ప్రశ్నలు ఇస్తే అలవాటు కాస్తా ఎదుగుదలగా కనిపిస్తుంది, కనుక సమానమైన రెండు పత్రాలు కావాలి. టోరెన్స్ కూడా ఆ పనే చేశాడు.

కాగితం పరీక్ష ఒక్కటే చాలదనుకుంటే 1982లో మనస్తత్వవేత్త థెరీసా అమబిలే చెప్పిన దారి ఉంది: విషయం తెలిసినవాళ్లు కొందరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, చేసిన పనినే విడివిడిగా చూసి అంచనా కట్టాలి, వాళ్ల అంచనాలు ఎంతవరకు కలిశాయో చూడాలి. మనకిది మరీ కొత్తేమీ కాదు. సమస్య ఇచ్చి పూరించమన్నప్పుడు పృచ్ఛకుడు పద్యం ఎంత పొడవుందో చూడడు, ఇరుకులోంచి అవధాని ఎటు తప్పించుకుని వచ్చాడో చూస్తాడు. చింతగింజల పిల్లవాడికి అవధాన సభలో చప్పట్లు పడేవి.

మా సహోద్యోగులు ఇద్దరూ నేనూ కలిసి ఒక సెలవు వారంలో ఆ పని చేసి చూశాం. నలభై పాఠ్యపథకాల మీద పేర్లు కనపడకుండా కాగితం అంటించి, ముగ్గురం ముగ్గురి ఇళ్లలో కూర్చుని మార్కులు వేశాం. మా అంకెలు చాలావరకు దగ్గరగా వచ్చాయి. ఎక్స్‌టర్నల్ పత్రాల్లోని అంకెలతో మాత్రం వాటికి పొంతన కుదరలేదు. మూడు మనసులతో చేసిన పని కనుక దీన్ని పరిశోధన అనను. కానీ ఖర్చు అంటింపు కాగితానికీ టీలకూ అయినంతే అయింది. ఇదంతా నా రెండో విన్నపానికి జతచేశాను. అది ఏ విభాగానికి సంబంధించిందో తేలినట్లు లేదు.

కొలవడం సరే, పెంచడం మాటేమిటని అడుగుతారేమో. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్లయింది, నాటకం, కళలు పాఠ్యాంశంలోకి వచ్చాయి, రెండో ఏట 16 వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. కాగితం మీద మాకు కావలసిందంతా ఉంది. నాటకం పీరియడ్లలో మా పిల్లలు చేస్తున్నది నాటకం రికార్డు రాయడం. ఇంటర్న్‌షిప్‌లో హాజరు ఫొటోలు, పాఠ్యపథకాల లెక్క, పరిశీలన పుస్తకాల లెక్క. ఒక పాఠాన్ని తప్పుగా చెప్పి, ఎందుకు తప్పిందో ఆలోచించి, మళ్లీ వేరేగా చెప్పి చూసే తీరిక అందులో ఎక్కడా లేదు. తప్పడానికి చోటు లేనిచోట కొత్తది ఎవరూ ప్రయత్నించరు.

ప్రయత్నించినా వారికి దక్కేదేముంది? ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, నాలుగింటిలో ఒకటి గుర్తించాలి. ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీలో 160 ప్రశ్నలు, ఒక్కొక్కటికి అర మార్కు. మా పిల్లలు రెండో సంవత్సరం సగం నుంచే దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకు మనసు మళ్లిస్తారు, వాళ్లను నేనెలా తప్పుపట్టను? బతుకుతెరువు అక్కడుంది. వేల మందిని ఎంపిక చేయాలంటే అటువంటి పరీక్ష తప్పదనీ ఒప్పుకుంటాను. కానీ 2020 జాతీయ విద్యావిధానం సృజన గురించి చెప్పిన మాటలను ప్రతి వేదిక మీదా చదివేవారు, ఆ మాటకు మా దగ్గర మిగిలింది ఐదు మార్కుల గడి ఒక్కటేనని కనీసం తెలుసుకోవాలి. పలు దేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షల్లో 2022లో విద్యార్థుల సృజనాత్మక ఆలోచనను కొలిచినప్పుడు సింగపూర్ ముందు నిలిచింది. మన దేశం ఆ పరీక్షలో పాల్గొననే లేదు కనుక ఓడిపోయామన్న బాధ కూడా మనకు లేదు.

కాబట్టి అయ్యా, దయచేసి ఆ గడిని సరిచేయించండి. సరిచేయించే వీలు లేకపోతే తీసేయించండి, లేని చోట ఉన్నట్లు నటించే బాధైనా తప్పుతుంది. ఒకటి రెండు జిల్లాల్లో, ఒక డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో), రెండు మూడు బి.ఎడ్. కళాశాలల్లో ప్రయోగంగా చేసి చూడవచ్చు. ముగ్గురు పరీక్షకులు విడివిడిగా చూసే ఏర్పాటు అన్ని పాఠాలకూ కుదరకపోతే ఒక్క పాఠానికి చేయవచ్చు. మాలాంటి అధ్యాపకులకు నాలుగు రోజుల శిక్షణ ఇవ్వవచ్చు. లేదంటే ఎవరైనా ఒక అధికారిని ఒక్క ఫైనల్ లెసన్ రోజున, ముందు చెప్పకుండా పంపించండి. అదీ కాదంటే నా రెండో విన్నపం ఎక్కడుందో వెతికించండి. జతచేసిన నలభై పాఠ్యపథకాల నకళ్లైనా తిరిగి ఇప్పించండి, అవి పిల్లలవి.

ఈ ఏడాది ఇంటర్న్‌షిప్ మార్కుల పత్రాలు ఈ నెలాఖరుకు నా బల్ల మీదికి వస్తాయి. ఇంటర్నల్ పరీక్షకురాలిగా నేను నింపవలసిన వరుసలన్నీ నింపుతాను. ఆ ఒక్క గడిలో మాత్రం అంకె వేయను, ఈ లేఖ నకలు జతచేస్తాను. ఖాళీగా ఉంటే కంప్యూటరు స్వీకరించదని మా కార్యాలయం అబ్బాయి ఇప్పటికే హెచ్చరించాడు. అప్పుడైనా ఎవరో ఒకరు నాకు ఫోను చేసి, ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతారని ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక బి.ఎడ్. అధ్యాపకురాలు,
హైదరాబాదు.