అమ్మా, ఆ డబ్బు ఇప్పుడే పంపించొద్దు

అమ్మా,

వందనాలు. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు మెసేజ్ పెట్టాడు, సంతోషం. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, పక్కన ఆఫీసువాళ్లున్నారు. స్త్రీల సమాజం వాళ్లు క్రిస్మస్ కానుక పోగుచేసి ఇక్కడ కెన్యాలో, నైరోబీలో ఏదైనా అనాథ పిల్లల హోముకి పంపుతామన్నారు కదా, కాస్త ఆగమను. ఎందుకో రాస్తున్నా, ప్రెసిడెంటు గారికి కూడా చదివి వినిపించు.

శనివారం రాత్రుళ్లు మా సంఘం వాళ్లతో టౌన్లోకి వెళ్తున్నానని చెప్పా కదా. రివర్ రోడ్డని ఒకటుంది, పగలంతా మటాటులు (మన సర్వీసు ఆటోల్లాంటి వ్యాన్లు, పాటల మోత మాత్రం పెళ్లి ఊరేగింపంత), రాత్రి షట్టర్లు దించాక ఆ అరుగుల మీద పిల్లలు. ఇక్కడ వాళ్లని చొకోరా అంటారు, చెత్త కెలికేవాడని. చేతిలో ప్లాస్టిక్ సీసా, అడుగున చెప్పులు అతికించే జిగురు. సీసాని పళ్లతో పట్టుకుని పీలుస్తూనే మాట్లాడతారు. రొట్టె తీసుకుని కూడా సీసా వదలడేంట్రా అని మొదటిరోజు కోపం వచ్చింది నాకు. ఈ ఊరు 1,800 మీటర్ల ఎత్తులో ఉందమ్మా, జూలైలో గదిలో పడుకునే నాకే రెండు దుప్పట్లు కావాలి. అది పీలిస్తే చలీ తెలీదు, ఆకలీ తెలీదు.

నన్ను చూస్తే "ముహిందీ, నిపె కుమి" అని వెంటపడతారు, ఇండియావాడా పది ఇవ్వు అని. మాతో వండి తెచ్చే పెద్దావిడ కనిపిస్తే మాత్రం "మామా, మామా". మనకి మామ అంటే మేనమామ, వీళ్లకి మామా అంటే అమ్మ. ఆవిడ పది ఇవ్వదు. ఉగాలీ (మొక్కజొన్న పిండి ముద్ద), ఆకుకూరా పెట్టి పక్కన కూర్చుంటుంది, పోయినవారం కాలికి తగిలిన దెబ్బ చూపించమంటుంది. ప్రార్థన చివర్లో రెండు నిమిషాలు, అదీ ఎవడైనా అడిగితేనే. మొదట్లో నాకు నచ్చలేదు, మన పాస్టర్ గారైతే అరగంట వాక్యం చెప్పేవారు కదా అనుకున్నా. తర్వాత ఒకరోజు వేరే గుంపువాళ్లు వచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టి పాట పాడించి ఫోటోలు తీసుకుని బన్నులు పంచి వెళ్లారు. ఎంత బాగా పాడారనుకున్నావు! ఎన్ని బన్నులకి పాడితే అంత బాగా వచ్చిందో.

ఇది కొత్తగా మొదలైన పనేం కాదు. ఆర్నల్డ్ గ్రోల్ అనే డచ్ ఫాదర్ 1973లోనే ఇక్కడ ఉండుగు సొసైటీ పెట్టారు, ఉండుగు అంటే అన్నదమ్ములతనం. అప్పట్లో ఈ పిల్లలు కార్లకి జాగా చూపించి చిల్లర అడుక్కునేవాళ్లట. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల మాటెత్తితే మన పెద్దమ్మ మొహం ముడుస్తుంది గానీ, దారి చూపింది వాళ్లే.

అసలు సంగతేంటంటే, మనం దిక్కులేని పిల్లలు అనుకుంటున్న వీళ్లలో, మాకు తెలిసినంతలో, చాలామందికి అమ్మో అమ్మమ్మో ఉంది. ఒకడున్నాడు, పన్నెండేళ్లుంటాయి, పేరు రాయను. సవతి తండ్రి కొడితే నకూరు నుంచి లారీ ఎక్కి వచ్చేశాడు, 160 కిలోమీటర్లు. ఊరి పేరు చెప్పడానికి ఐదు నెలలు పట్టింది. ముందు రెండు అబద్ధపు ఊళ్లు చెప్పాడు, ఒక ఊరికైతే మామా వెళ్లి తిరిగి తిరిగి వచ్చింది, వాణ్ని ఒక్క మాట అనలేదు. చివరికి చిల్డ్రన్స్ ఆఫీసర్‌కి చెప్పి ముగ్గురం వెళ్లాం. అమ్మమ్మ గుమ్మంలోంచి చూసి ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇంక అయిపోయిందనుకున్నా. టీ పెట్టుకుని వచ్చింది. మా ఇద్దరికీ ఇచ్చి, వాడివైపు చూడకుండానే కొంగులాంటి గుడ్డతో వాడి మొహం గట్టిగా తుడిచింది, తోలు ఊడిపోతుందేమో అన్నంత గట్టిగా. రెండు నెలలకి వాడు మళ్లీ పారిపోయి రివర్ రోడ్డుకే వచ్చాడు, మళ్లీ తీసుకెళ్లాం. ఇప్పటికైతే ఉన్నాడు. ప్రైమరీ బడి ఫీజు ఇక్కడ 2003లోనే ఎత్తేశారు గానీ యూనిఫాం కొనాలిగా, అది మేం కొన్నాం.

ఇంటికి పంపకూడని పిల్లలూ ఉన్నారు, వాళ్లకి హోము కావాలి, కాదనను. కానీ చందాలు పిల్లల తలల లెక్కన వచ్చే చోట పిల్లాణ్ని ఇంటికి పంపాలని ఎవరికుంటుంది చెప్పు? ఇక్కడి ప్రభుత్వం కూడా 2022లో, పదేళ్లలో పిల్లల్ని హోముల నుంచి కుటుంబాలకి చేర్చాలని ప్రణాళిక వేసింది.

కాబట్టి పంపితే దారిఖర్చులకి, యూనిఫాంలకి, ఆ అమ్మమ్మ నాలుగు కోళ్లు పెంచుకోవడానికి పంపండి. అయితే క్రిస్మస్ కూటంలో తెరమీద చూపించడానికి ఫోటోలు రావని ముందే చెప్పు. మటాటువాడు టికెట్టు కూడా ఇవ్వడు. దానికి ఒప్పుకుంటేనే.

ఆవకాయ అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. మామాకి రుచి చూపిస్తే ఉగాలీలో నంజుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకా ఉందా అని అడిగింది.

నీ పెద్దోడు