వెనక మాత్రమే దించి అప్పగించిన మోటార్‌సైకిల్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: ఎత్తు తగ్గింపు కిట్టును అసంపూర్ణంగా అమర్చడం, ఆపై వారంటీ నిరాకరించడం

నమస్కారం.

మీ కంపెనీ అడ్వెంచర్ మోటార్‌సైకిల్ సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు. నా కాళ్లకు అది ఎక్కువ. ఆపినప్పుడు మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి. ఈ సంగతి కొనేటప్పుడే షోరూములో చెప్పాను. ‘ఎత్తు తగ్గించే కిట్టు కంపెనీదే ఉంది, వెనక 30 మిల్లీమీటర్లు దిగుతుంది, మా సర్వీసు కేంద్రంలోనే బిగిస్తాం’ అన్నారు. బయటి మెకానిక్కు దగ్గరికి వెళ్లకుండా మీ దగ్గరే చేయించుకున్నది వారంటీకి ఇబ్బంది రాకూడదనే. కిట్టు బిల్లు మీద మీ కంపెనీ పేరూ విడిభాగం నంబరూ ఉన్నాయి. దాని నకలు జతచేస్తున్నాను.

ఆ కిట్టులో ఉన్నవి రెండు లోహపు లింకులు. వెనక షాక్ అబ్జార్బర్‌ను స్వింగ్ ఆర్మ్‌తో (వెనక చక్రాన్ని పట్టి ఉంచి, దానితోపాటు పైకీ కిందికీ కదిలే చేయి) కలిపే లింకులు తీసి వాటికన్నా కొంచెం పొడవైనవి వేస్తే ఈ బండి వెనక భాగం కిందికి దిగుతుంది. మీ సర్వీసు కేంద్రం ఆ రెండూ బిగించి, బండి కడిగి, తాళం చేతికిచ్చింది. ప్యాంటు ఒక కాలు మాత్రమే కురచ చేసి ఇచ్చే దర్జీ ఎక్కడైనా ఉంటాడా?

వెనక దించినప్పుడు ముందు భాగాన్ని కూడా తగినంత దించాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలను వాటి క్లాంపుల్లో (బిగింపు పట్టీల్లో) పైకి జరిపి, ఫోర్కులు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ముందు టైరు దేనికీ తగలడం లేదని చూసి బిగించాలి. ఇదేమీ రహస్య విద్య కాదు. అయినా ఫోర్కుల జోలికే ఎవరూ పోలేదు. దాంతో బండి వెనక్కి కూర్చుంది, ఫోర్కుల వాలు పెరిగింది, దానితోపాటు ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ ముందు టైరు నేలకు ఆనే చోటుకూ మధ్య దూరం) పెరిగింది. మలుపులో హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతోంది, బండి నేను అనుకున్న దారికన్నా బయటికి పోతోంది. హెడ్‌లైటు కాస్త ఆకాశం వైపు చూస్తోంది. రాత్రి ఎదురుగా వచ్చేవాళ్లు తమ లైట్లు ఆర్పి వెలిగించి నన్ను హెచ్చరిస్తున్నారు. స్వింగ్ ఆర్మ్ కోణం మారితే చైను వదులు మళ్లీ కొలిచి సరిచేయాలన్న మాట మీ పనిపత్రంలో ఎక్కడా లేదు.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది సైడ్ స్టాండు. బండి దిగింది కానీ స్టాండు పొడవు తగ్గలేదు. పక్కకు వాలి నిలబడవలసిన బండి దాదాపు నిటారుగా నిలబడుతోంది. కుడివైపు చిన్న పల్లం ఉన్నా, ఎవరి చేయి తగిలినా అటువైపు పడిపోతుంది. పడిపోయింది కూడా. ముందు బ్రేకు లీవరు విరిగింది, కుడి ప్యానెల్ పగిలింది, ట్యాంకు సొట్టపడింది. అప్పుడు పక్కన పిల్లలెవరూ లేకపోవడం అదృష్టం. మీ కిట్టుతో పొట్టి స్టాండు ఎందుకు ఇవ్వరో, కనీసం ఉన్న స్టాండును కురచ చేయాలని కరపత్రంలో ఎందుకు రాయరో నాకు అర్థం కాలేదు.

సర్వీసు కేంద్రానికి తిరిగి వెళితే అక్కడి సలహాదారు ఇచ్చిన పరిష్కారం విచిత్రంగా ఉంది: ‘ప్రీలోడ్ ఇంకా వదులు చేస్తే మీకు కాళ్లు బాగా ఆనుతాయి.’ ప్రీలోడ్ అంటే షాక్ అబ్జార్బర్ స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు. అది ఉన్నది రైడరు బరువుకు తగ్గట్టు స్ప్రింగును సర్దడానికి. రైడరు కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు దాకా దిగితే సాధారణంగా సరిపోతుంది. ఎత్తు తగ్గించడానికని దాన్ని వదులు చేస్తే గుంతల కోసం మిగలాల్సిన కదలిక ముందే ఖర్చవుతుంది. పైగా ఇలాంటి లింకులతో షాక్ అబ్జార్బర్ కదలిక తగ్గదు. చక్రం మాత్రం మామూలు కన్నా పైదాకా వస్తుంది. వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని గుంతలో దిగినప్పుడు టైరు లోపలి మడ్‌గార్డును ఒరుసుకున్న గీతలు ఇప్పటికే ఉన్నాయి. ఫొటోలు చూడండి. ఆ సలహా పాటించి ఉంటే గీతలతో ఆగేది కాదు.

ఇక మీ కార్యాలయం జవాబు: ‘వాహనంలో మార్పులు చేసినందువల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు.’ మార్పు చేసింది మీ సర్వీసు కేంద్రం. వాడింది మీ విడిభాగం. డబ్బు తీసుకున్నదీ మీరే. అమ్మేటప్పుడు అది కంపెనీ ఉపకరణం, పడిపోయాక వినియోగదారు చేసిన మార్పు ఎలా అవుతుంది?

మీ బ్రోషరులో ఈ బండి మీద కూర్చున్న పెద్దమనిషి రెండు పాదాలూ నేలకు ఆనించి, మోకాళ్లు కూడా కొంచెం వంచి నవ్వుతున్నారు. ఆయనకు ఇలాంటి లేఖ రాసే అవసరం ఎన్నటికీ రాదు. బండ్లు కొనేవాళ్లందరూ ఆయన అంత పొడవు ఉండరు.

నేను కోరేది ఇది. బండిని మీ ఖర్చుతో తీసుకువెళ్లి, ఈ పని తెలిసిన సాంకేతిక నిపుణుడి చేత ఫోర్కులు, స్టాండు, చైను, హెడ్‌లైటు సరిచేయించండి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చాలినంత ఖాళీ ఉందో లేదో సస్పెన్షన్‌ను పూర్తిగా నొక్కి పరీక్షించి, కొలతలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఖాళీ చాలకపోతే లింకులు తీసేసి పాతవి బిగించి, కిట్టు డబ్బూ కూలీ వాపసు చేసి, ఎత్తు తక్కువగా, ముందువైపు సన్నగా ఉండే సీటు ఇవ్వండి. సీటు వెడల్పు తగ్గినా కాళ్లు నేలకు దగ్గరవుతాయి. పడిపోవడం వల్ల పాడైన భాగాలన్నీ ఉచితంగా మార్చాలి. మిగతా బండి వారంటీ యథాతథంగా కొనసాగుతుందని సంతకంతో లేఖ కావాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వక జవాబు పంపండి. ఫోనులో ఓదార్పు మాటలు చాలా విన్నాను, ఇక అవి వద్దు. గడువులోగా జవాబు రాకపోతే బిల్లు, పనిపత్రం, ఫొటోలు, మీ నిరాకరణ లేఖతో న్యాయపరంగా ముందుకు వెళతాను. అప్పటిదాకా బండి నడపడం లేదు. గోడకు ఆనించి ఉంచాను, స్టాండు మీద కాదు.

ఇట్లు,
మీ వినియోగదారు

జతపరచినవి: కిట్టు బిల్లు నకలు, సర్వీసు కేంద్రం పనిపత్రం, ఫొటోలు, మీ కార్యాలయం పంపిన జవాబు నకలు