తలలో చిప్ సరే, కంపెనీ చేతులెత్తేస్తే దిక్కెవరు?

సంపాదకుల వారికి,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ వాళ్ల, మెదడుకు కంప్యూటర్ కలిపే చిప్ మీద రెండు పేజీల కథనం వేశారు. కోపంలో రాస్తే అచ్చు వేయరని కొన్నాళ్లు ఆగాను. కోపం తగ్గే లక్షణాలు కనబడక ఇప్పుడు రాస్తున్నాను.

మా తమ్ముడు గీత కార్మికుడు. మోకు జారి తాడిచెట్టు మీంచి పడ్డాడు, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. తల, భుజాలు తప్ప ఏదీ కదలదు. మా నల్లగొండ, యాదాద్రి పల్లెల్లో ఇలా మంచం పట్టినవాళ్లు కొత్తేమీ కాదు. 2024లో చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇచ్చారు, మంచిదే, అప్పటికే పడ్డవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మీ కథనం వచ్చిన రోజు పొద్దున్నించీ చుట్టాల ఫోన్లు, 'ఇంకేం, మీవాడు లేచినట్టే' అని. చదివినవాళ్లకు అలా తోచిందంటే తప్పు వాళ్లదా, రాసినవాళ్లదా?

ఆ చిప్ మనిషిని లేపదు. మీరు శీర్షికలో పెట్టినట్టు మనసునూ చదవదు. చెయ్యి ఎత్తాలని ప్రయత్నిస్తే, కదలికలు చూసుకునే మెదడు భాగంలో నాడీకణాలు విద్యుత్ సంకేతాలు పంపుతాయి. మెడ దగ్గర దారి దెబ్బతింది గనక అవి చేతిదాకా రావు. వాటిని అక్కడే సన్నటి ఎలక్ట్రోడ్లతో పట్టుకుని, తెర మీద కర్సర్ కదలికగా కంప్యూటర్ మారుస్తుంది. కదల్లేని మనిషికి అది చిన్న వరమా? దానికి మళ్లీ ఇంద్రజాలం తగిలించడం దేనికి?

పైగా 'ప్రపంచంలోనే తొలిసారి' అట. 2004లోనే అమెరికాలో మాథ్యూ నేగల్ అనే యువకుడు మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్లతో ఈమెయిల్ తెరిచాడు, టీవీ నడిపాడు. దాని వెనక బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకుల ఏళ్ల శ్రమ ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో కృష్ణ షెనాయ్, ఆయన సహచరులు చేసింది చూడండి. చేతులు పడిపోయిన మనిషి రాస్తున్నట్టు ఊహించుకున్న అక్షరాలను నిమిషానికి 90 చొప్పున తెర మీదికి తెచ్చారు. ఆ షెనాయ్ 2023లో కన్నుమూశారు. మీ రెండు పేజీల్లో ఆయన పేరు లేదు. మస్క్ గారి ఫొటోలు మాత్రం మూడు.

సరే, మస్క్ కంపెనీ సంగతే చూద్దాం. 2024 జనవరిలో కాళ్లూ చేతులూ కదలని నోలాండ్ ఆర్బా అనే అమెరికా కుర్రాడికి అమర్చిన న్యూరాలింక్ చిప్‌కు 64 పోగులు, వాటి మీద 1,024 ఎలక్ట్రోడ్లు. కొన్ని వారాలకే చాలా పోగులు మెదడులోంచి వెనక్కి జారాయని ఆ ఏడాది మే నెలలో కంపెనీయే ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ మార్చి మళ్లీ పనిచేయించారు, ఆ కుర్రాడు చదరంగం ఆడుతున్నాడు, సంతోషం. చదరంగం రాశారు, పోగుల సంగతి రాయలేదు.

అసలు అడగాల్సింది అడగలేదు. కంపెనీ చేతులెత్తేస్తే తలలో ఉన్నదానికి జవాబుదారీ ఎవరు? ఇది నా బెంగ కాదు, జరిగిందే. సెకండ్ సైట్ అనే అమెరికా కంపెనీ చూపులేని 350 మందికి పైగా కంట్లో పరికరాలు అమర్చి, ఆ తయారీ ఆపేసి, 2020లో దాదాపు మూతపడింది. కంట్లో పరికరం ఉన్నవాళ్లకు విడిభాగాల్లేవు, మరమ్మతుల్లేవు. ఆస్ట్రేలియాలో ఒకామెకు మూర్ఛ రాబోయేముందు హెచ్చరించే పరికరం మెదడులో పెట్టారు. కంపెనీ దగ్గర డబ్బయిపోతే, ఆమె వద్దన్నా తీయించేశారు.

అక్కడే అలా ఉంటే ఇక్కడ? మావాడికి సభ పెట్టి, దండ వేసి, ఫొటో దిగి మరీ బండి ఇచ్చారు. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి! చేతులు కదలవు మహాప్రభో అంటే 'లిస్టులో అదే వచ్చింది' అన్నాడు ఆ అధికారి. వికలాంగ సర్టిఫికెట్ క్యాంపు మేడ మీద పెట్టారు. పింఛనుకు పోతే బిగుసుకుపోయిన వేలు యంత్రం మీద ఆనదు, ఆనకపోతే మనిషి లేనట్టే లెక్క. అమెరికాలో మెదడులో సంకేతం దొరుకుతుంది, మా దగ్గర బొటనవేలు దొరకదు.

చట్టమైనా ఉందా అంటే, చిలీ 2021లోనే మెదడు సమాచార రక్షణను రాజ్యాంగంలో చేర్చుకుంది. అమెరికాలో కొలరాడో, కాలిఫోర్నియా 2024లో చట్టాలు చేశాయి. మన దగ్గర 2008లో పుణె కోర్టు ఒక హత్య కేసులో బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు సంకేతాలు చూసి నేరం గుర్తుందో లేదో చెబుతామనే పరీక్ష) నివేదికను కూడా సాక్ష్యంగా తీసుకుని శిక్ష వేసింది. నిందితుల ఇష్టం లేకుండా అలాంటి పరీక్షలు చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెబితే గానీ ఆ దూకుడు ఆగలేదు. అది పోలీసులకు. కంపెనీలకో? 2023 డేటా రక్షణ చట్టంలో మెదడు సంకేతాల కోసం వేరే మాటే లేదు. ఫోన్ నంబరుకెంత మర్యాదో తలలో ఉన్నదానికీ అంతే. మన ఎంపీలకు దీని మీద ఒక్క ప్రశ్న వేసే తీరిక దొరికితే బాగుండు.

ఇలాంటి చిప్ ట్రయల్ రేపు మన ఆసుపత్రుల్లో పెడితే, బతికున్నంత కాలం మరమ్మతులకు, తీసేయాల్సి వస్తే ఆపరేషన్‌కు అయ్యే డబ్బు కంపెనీ చేత ముందే బ్యాంకులో కట్టించుకోవాలి. కంపెనీ చేతులు మారినా ఆ బాధ్యత పోకూడదు. ఈ మాట రాతపూర్వకంగా ఇస్తారా అని కేంద్ర ఆరోగ్య మంత్రిని మీ ఢిల్లీ విలేకరి చేత అడిగించండి. ఇవన్నీ చదివి వినిపించినా మా తమ్ముడు మాత్రం పేరిస్తానంటున్నాడు. వాడి కష్టం వాడిది, నేను కాదనలేను.

'తొలిసారి' అన్నదానికి సవరణ వేస్తే మాత్రం ఆదివారం అనుబంధంలోనే వేయండి, టెండరు ప్రకటనల కింద కాదు.

— ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా