వణుకు పుట్టిన రాత్రి

ఒరేయ్ చంటీ,

ఉభయకుశలోపరి. ఈ మాట పోయిన వారం రాసి ఉంటే అబద్ధమయ్యేది. మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. ఇప్పుడు తేరుకున్నాలే, కంగారు పడకు.

మొదటి రాత్రి సంగతి నీకు చెప్పి తీరాలి. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి "ఒళ్లు కాలిపోతోంది కదరా" అంది. థర్మామీటర్ పెట్టి చూస్తే 38.4 డిగ్రీల సెల్సియస్. నాకేమో మంచుగడ్డల మధ్య పడుకున్నట్టుంది. ఒళ్లు కాలుతుంటే చలెందుకు వేస్తుంది? చిన్నప్పటి నుంచి ఎన్ని జ్వరాలు పడ్డామో, ఒక్కసారైనా ఈ ప్రశ్న వేసుకున్నామా? తగ్గాక కూర్చుని చదివాను. అప్పటి నుంచి నీకు ఎప్పుడు రాద్దామా అని మనసు పీకుతూనే ఉంది.

మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది, బాదం గింజంత. ఒంటి వేడి ఎంత ఉండాలో గీత గీసేది అదే. మామూలప్పుడు ఆ గీత 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడి గీత దాటిందా, చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమట పోస్తుంది. గీత కిందికి దిగిందా, ఆ నాళాలే ముడుచుకుంటాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. ఇంతవరకు బళ్లో చదివిందే. బళ్లో మన చెవిన పడనిది ఏమిటంటే, జ్వరంలో ఆ గీతే పైకి జరుగుతుంది. క్రిములతో పోరాడే కణాలు రసాయనాలతో కబురు పంపుతాయి, దాంతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారవుతుంది, గీత పైకి పోతుంది. అది 39.5 దాకా వెళ్లిందనుకో, 38.4లో ఉన్న నా ఒళ్లు ఆ లెక్కన చల్లబడినట్టే! అందుకే ఆ వణుకు. నా ఒళ్లు దారి తప్పిందని భయపడ్డానురా, అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతుంది. గీత కిందికి దిగుతుంది, ఒళ్లేమో ఇంకా పైనే ఉంటుంది. మాత్ర వేసుకున్న కాసేపటికి దుప్పటి తడిసిపోయేంత చెమట పట్టింది అందుకే.

చెమట అంటే గుర్తొచ్చింది. చార్లెస్ బ్లాగ్డెన్ అని ఇంగ్లండ్ వైద్యుడు ఒకాయన, 1775లో తన ప్రయోగాల సంగతి అచ్చువేయించాడు. బాగా వేడెక్కించిన గదిలోకి మిత్రులతో కలిసి వెళ్లి నిలబడ్డాడు. ఒకసారైతే ఆ గదిలో వేడి 120 డిగ్రీలు కూడా దాటింది. అక్కడే పెట్టిన గుడ్లు గట్టిపడ్డాయి, మాంసం ఉడికిపోయింది. మనుషుల ఒంటి వేడి మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది మరి. అయితే అది ఆవిరవ్వాలి, కారిపోతే లాభం లేదు. అక్కడి గాలి పొడిగా ఉండబట్టి బతికారు. గాలిలో తేమ నిండుగా ఉన్నరోజు అంతకంటే ఎంతో తక్కువ వేడే ప్రాణం మీదికి తెస్తుంది. ఎండలో తిరిగే పని నీది, ఇది మాత్రం మరిచిపోకు.

ఇక చక్కెర. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపెట్టింది ఇదే. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో ఏ సమయంలో చూసినా ఉండే గ్లూకోజ్ ఎంతో తెలుసా? దాదాపు 5 గ్రాములు, ఒక్క టీస్పూను! మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాములదాకా ఖర్చుచేస్తుంది. అంటే ఆ చెంచాడూ దానికి గంటకు సరి. మరి రాత్రంతా ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున్నే ఎలా లేస్తున్నాం? మనం నిద్రపోతున్నా కాలేయం నిద్రపోదు. గ్లైకోజన్ రూపంలో దాచుకున్న చక్కెరను కొద్దికొద్దిగా కరిగించి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. వదలమని చెప్పేది క్లోమం నుంచి వచ్చే గ్లూకగాన్ అనే హార్మోన్. భోజనం చేశాక మిగులు దాచమని చెప్పేది ఇన్సులిన్, అదీ క్లోమం నుంచే. ఈ రెండింటిలో ఒకటి లేకపోతే ఏమవుతుందో 1922కు ముందు మధుమేహం వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు తెలుసు. ఇన్సులిన్ అసలే తయారుకాని పిల్లలు కళ్లముందే చిక్కి శల్యమై చనిపోయేవాళ్లు. ఆ ఏడాది జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. ఆ తర్వాత అతను మరో 13 ఏళ్లు బతికాడు. ఇది చదివినప్పుడు కళ్లు చెమ్మగిల్లాయిరా.

కిడ్నీల గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. రోజుకు సుమారు 180 లీటర్లు వడగడతాయి, బయటికి పంపేది ఒకటిన్నర లీటరు. మిగతాదంతా ఏరి మళ్లీ రక్తానికే ఇచ్చేస్తాయి. ఊపిరి బిగబట్టినప్పుడు ఉక్కిరిబిక్కిరి అయ్యేది కూడా ఆక్సిజన్ అయిపోయి కాదట, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగి. అది పెరిగితే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, మెదడు దాన్నే పసిగడుతుంది.

ఈ సర్దుబాటంతటికీ కలిపి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్, 1926లో. మన పుస్తకాల్లో సమస్థితి అంటారు. కానన్ ఆ పేరు ఆచితూచి పెట్టాడు. గ్రీకులో 'హోమో' అంటే అదే, 'హోమియో' అంటే అలాంటిదే. ఆయన రెండోది తీసుకున్నాడు. నాకు ఎంత నచ్చిందో! 37 కూడా రాతిమీద చెక్కిన అంకె కాదు కదా. తెల్లవారుజామున కాస్త దిగుతుంది, సాయంత్రానికి కాస్త ఎక్కుతుంది, జ్వరంలో గీతే జరుగుతుంది. అయినా నువ్వు నువ్వుగానే ఉంటావు.

పోయిన ఉత్తరంలో, మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయని రాశావు. మనం నిలబడగానే అరలీటరు పైచిలుకు రక్తం కాళ్లలోకి, పొట్ట భాగంలోకి జారుతుంది. మెడలోని రక్తనాళాల గోడల్లో ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి. అవి కబురు పంపితే గుండె వేగం పెంచుతుంది, కాళ్లలోని నాళాలు బిగుసుకుంటాయి. అందుకు కొన్ని సెకన్లు పడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, కొన్ని మందులు వాడుతున్నా ఆ సర్దుబాటు చాలదు. ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, ఆ తర్వాత లే. వారం రోజులు అలా చేసినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో, వాయిదా వెయ్యకు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని అడుగు. ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపు.

ఎదురుచూస్తూ ఉంటాను.

నీ
బుజ్జిగాడు