‘కుటుంబ కలహాలు’ అని రాసి ఆపేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతాను. కొన్నాళ్లుగా అందులో ఒక వాక్యం నన్ను ముల్లులా గుచ్చుతోంది. లోపలి పేజీల్లో ఓ మూల నాలుగు లైన్ల వార్త ఉంటుంది. ఎవరో ప్రాణం తీసుకున్నారు, లేదా పిల్లల్ని వదిలి ఎటో వెళ్లిపోయారు. చివరి లైను ఎప్పుడూ ఒకటే: ‘కుటుంబ కలహాలే కారణమని తెలిసింది.’ అక్కడితో సరి. ఆ రెండు మాటల వెనక ఎన్నేళ్ల కథ ఉందో, మధ్యలో ఎవరు ఎక్కడ ఆపగలిగేవారో ఒక్క ముక్క ఉండదు. ఇంట్లో గొడవలు ముదిరితే గతి ఇంతే కాబోలు అనుకుని పేజీ తిప్పేస్తాం.

ఆ రెండు మాటల లోపల నేను కొన్నాళ్లు కాపురం చేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఆరేళ్ల కిందట మా ఆయన నాకు చెప్పకుండా వాళ్ల తమ్ముడి అప్పుకు హామీ సంతకం పెట్టారు. తమ్ముడు కట్టలేదు, నోటీసు మా ఇంటికొచ్చింది. రెండు వారాలు అరుచుకున్నాం. తర్వాత నాలుగు నెలలు మాటల్లేవు. అరుపులు ఆగేసరికి చుట్టుపక్కల వాళ్లు సర్దుకున్నారనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ అరుపులే నయం.

మాకు అప్పుడు తొమ్మిదేళ్ల పాప. ఇంట్లో పోస్ట్‌మ్యాన్ అదే. ‘మీ నాన్నకి చెప్పు, కరెంటు బిల్లు కట్టలేదని.’ పాప హాల్లోంచి బాల్కనీలోకి వెళ్లేది. ‘నాకు తెలుసని చెప్పు మీ అమ్మకి.’ మళ్లీ వెనక్కి వచ్చేది. మధ్య దూరం పది అడుగులుంటుందేమో. ఒకరోజు ఎందుకో దాని వెనకే వెళ్లి విన్నాను. ‘ఆయనకి గుర్తుంటేగా’ అని నేను కసిగా పంపిన మాటను అది ‘నాన్నా, అమ్మ ఒకసారి గుర్తు చేయమంది’ అని మార్చి చెబుతోంది. ఆయన విసురుగా అన్నదేదో నా దగ్గరికి వచ్చేసరికి ‘సరేనన్నారమ్మా’ అయిపోయేది. మా ఇద్దరి మధ్య మిగిలిందనుకున్న కాస్త మర్యాదా ఆ పిల్ల సొంతంగా తయారు చేసి పంచుతున్నదే.

తర్వాత దానికి కడుపునొప్పి మొదలైంది. బడికి వెళ్లే రోజుల్లో పొద్దున్నే వచ్చేది. రక్తపరీక్ష, స్కానింగ్ అన్నీ అయ్యాయి, అన్నీ నార్మల్. చివరికి పిల్లల డాక్టరుగారు కాగితాలు పక్కన పెట్టి, ‘కడుపులో ఏమీ లేదమ్మా, ఇంట్లో ఏమన్నా ఉందా?’ అన్నారు. ముగ్గురూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మేమేమన్నా పిచ్చివాళ్లమా అనుకున్నాను. అయినా పాప కోసమని వెళ్లాం. మా కోసమే అయితే వెళ్లేవాళ్లం కాదు.

నేను తారీఖులతో సహా ఆయన తప్పులన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లాను. కౌన్సెలర్ దాన్ని చూసి, ‘బ్యాగులో పెట్టేయండి, ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు’ అంది. తర్వాత ఒక పని చెప్పింది. ఆయన రెండు నిమిషాలు మాట్లాడాలి. నేను జవాబు చెప్పకూడదు. ఆయన ఏమన్నారో నా మాటల్లో తిరిగి చెప్పాలి. ‘అవును, అదే అన్నాను’ అని ఆయన ఒప్పుకున్నాకే నా వంతు. ఇదేం పెద్ద పని అనుకున్నాను. ‘చెబితే ఏమంటావోనని భయమేసి చెప్పలేదు’ అన్నారాయన. ‘కావాలనే దాచానని అంటున్నారు’ అని చెప్పాను నేను. ‘అలా అనలేదు’ అన్నారు. మళ్లీ ప్రయత్నించి మళ్లీ తప్పాను. మూడోసారికి గానీ ‘భయం’ అన్న మాట నా నోట రాలేదు. యాభై నిమిషాల్లో మాకు జరిగిందంతా ఇంతే.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె పెట్టిన షరతు కూడా ఒక్కటే. పాప ద్వారా ఏ కబురూ పంపకూడదు. మాట్లాడలేకపోతే చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి అంది. మొదటి వారం ఫ్రిజ్ నిండా చీటీలే.

మొత్తం తొమ్మిదిసార్లు వెళ్లాం. పాప కడుపునొప్పి పూర్తిగా తగ్గడానికి రెండు నెలలు పట్టింది. సంతకం మాత్రం చెరిగిపోలేదు, ఆ వాయిదాలు ఇప్పటికీ కడుతున్నాం. మరిదిగారి పేరెత్తితే ఇప్పటికీ నా గొంతు మారుతుంది. పాపకు పదిహేనేళ్లొచ్చాయి. ఎప్పుడైనా పొరపాటున ‘మీ నాన్నకి చెప్పు’ అంటే, ‘ఆయన ఇక్కడే ఉన్నారుగా’ అని ఫోన్లోంచి తలెత్తకుండానే అంటుంది.

తర్వాత నా కుతూహలం కొద్దీ కొంత చదివాను. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేని స్థాయికి వస్తే మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు. దీన్ని అమెరికా మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ ‘త్రికోణం’ అన్నారు. ఆయన 1950ల్లో రోగితో పాటు ఇంట్లోవాళ్లను కూడా ఆసుపత్రిలో ఉంచి, వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారో గమనించారు. కౌన్సెలింగ్ అంటే ఈ కాలపు ఫ్యాషన్ అని తీసిపారేసేవాళ్లకు ఇంకో సంగతి: బ్రిటన్‌లో దంపతులకు సలహాలిచ్చే సంస్థ 1938లోనే మొదలైంది.

‘ఇంటి గుట్టు బయటివాళ్ల ముందు పెట్టడమా’ అని చాలామంది అడుగుతారు. ఆ గుట్టు బంధువుల ముందు ఎలాగూ పెడతాం. వాళ్లు ఎవరో ఒకరి వైపు నిలబడతారు, ఆ సంగతి నాలుగిళ్లకు చేరుతుంది. కౌన్సెలర్ దగ్గర చెప్పింది బయటికి రాదు. ఎవరి ప్రాణానికైనా ముప్పుందనో, పిల్లలకు హాని జరుగుతోందనో తెలిస్తే మాత్రం ఆ గోప్యత ఉండదు. మంచి కౌన్సెలర్ అయితే ఈ మాట మొదటి రోజే చెబుతారు. ‘ఆయన రానంటే?’ అన్నది ఇంకో ప్రశ్న. ఒక్కరే వెళ్లొచ్చు. ఇంట్లో ఒకరు జవాబిచ్చే తీరు మారితే రెండోవారి తీరు అలాగే ఉండిపోవడం కష్టం.

అలాగని దీన్ని సర్వరోగ నివారిణి అని నేను చెప్పను. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడం ప్రమాదం. అక్కడ భార్య చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక ఆమె దెబ్బలు తినాల్సి రావచ్చు. అలాంటప్పుడు ముందు రక్షణ, ఆ తర్వాతే మిగతావి. మహిళలపై హింసను అరికట్టడానికి 2011లో ఐరోపా దేశాల మధ్య కుదిరిన ఇస్తాంబుల్ ఒప్పందంలోని 48వ అధికరణం, హింస జరిగిన కేసుల్లో రాజీ ప్రయత్నాలను తప్పనిసరి చేయకూడదని స్పష్టంగా చెబుతోంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, తాగుడు అదుపు తప్పినా సైకియాట్రిస్టును కలవాలి. కౌన్సెలర్లు మందులు రాయలేరు. కౌన్సెలింగ్‌కి వెళ్లిన వాళ్లంతా కలిసిపోతారనీ లేదు. విడిపోవాలని తేల్చుకుని, పిల్లల్ని చెరో వైపు లాగకుండా విడిపోయిన జంట నాకు తెలుసు. దాన్ని ఓటమిగా నేను లెక్కేయను.

బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ కౌన్సెలర్ కారు కూడా. నా స్నేహితురాలు వెళ్లినచోట పది నిమిషాలు కూడా వినకుండా ‘ఆడవాళ్లే కాస్త సర్దుకుపోవాలమ్మా’ అన్నారట. డబ్బు కట్టి మరీ వినాల్సిన మాటా అది? ఎక్కడ శిక్షణ పొందారు, ఇలాంటి కుటుంబాలతో ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లొచ్చు.

ఇవన్నీ జనానికి తెలిసేదెప్పుడు? చాలామందికి కౌన్సెలింగ్ అనే మాట మొదటిసారి వినిపించేది లాయర్ గదిలోనో, కోర్టు వరండాలోనో. అప్పటికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే స్థితిలో ఉండరు. చినికి చినికి గాలివాన అయ్యాక గొడుగు చేతికిస్తే ఏం లాభం? మాకు మా పాప కడుపునొప్పి ముందుగా చెప్పింది. అందరి ఇళ్లలోనూ అలా ముందుగా తెలియదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే పాత్రికేయులకు సూచనలిచ్చింది, 2023లో వాటిని మళ్లీ సవరించింది. ఏదో ఒక్క కారణానికి ముడిపెట్టి రాయొద్దని, ఎలా చనిపోయారో వర్ణించొద్దని, సాయం ఎక్కడ దొరుకుతుందో తప్పకుండా రాయమని అందులో ఉంది. ఆస్ట్రియా పత్రికల వార్తలను పరిశీలించిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. చావాలనుకుని ఆగిపోయి, ఆ కష్టం నుంచి గట్టెక్కిన వాళ్ల గురించి రాసిన వార్తల తర్వాత ఆత్మహత్యలు తగ్గుముఖం పట్టినట్టు అందులో కనిపించింది. మీరు రాసేదానికి అంత బలముంది.

‘కుటుంబ కలహాలే కారణం’ అన్న లైను తీసేయండి. దాని స్థానంలో ఆ వార్త కిందే చిన్న బాక్సు కట్టి, ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు, ఏ వేళల్లో పలుకుతారు, ఫోన్ తీసేవాళ్లు ఏమడుగుతారు అన్నవి వేయండి. మూడు లైన్లు చాలు. వేసేముందు మీ విలేకరి ఎవరైనా ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేసి, అవతల నిజంగా ఎవరైనా ఎత్తుతున్నారో లేదో చూడండి. ఎత్తకపోతే అదీ వార్తే, దాన్ని మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు